నల్లమల దారిలో కాళ్లొత్తే డేరా: ఒక ఫిజియోథెరపిస్టు రివ్యూ

ఐదుకి నాలుగు స్టార్లు. పోయిన ఆ ఒక్కటీ సూది దగ్గర పోయింది, దాని సంగతి కింద చెప్తాను.

ఉగాదికి శ్రీశైలం నడిచిపోయే కన్నడ భక్తుల కోసం ఆత్మకూరు వైపు అడవి దారిలో, పెద్దచెరువు దగ్గర వేసే ఉచిత శిబిరాల్లో ఇదొకటి. పేరూ బోర్డూ లేవు. ఒక షామియానా, దాని పక్కన టార్పాలిన్ కట్టిన ఇంకో డేరా, ముందర కాషాయం జెండా. రాయచూరు వైపు ఒక ఊరివాళ్లు చందాలు వేసుకుని నడుపుతున్నారు. అన్నం, మజ్జిగ, పడుకోవడానికి పట్టలు మిగతా శిబిరాల్లో కూడా దొరుకుతాయి. ఇక్కడ మాత్రం వేడినీళ్లతో కాళ్లు కడిగి, నూనె రాసి ఒత్తుతారు. డబ్బులు తీసుకోరు. హుండీ కూడా పెట్టలేదు.

నాకు కర్నూల్లో చిన్న ఫిజియోథెరపీ క్లినిక్ ఉంది. కాళ్లూ నడుములూ పట్టడమే బతుకుతెరువు కాబట్టి ఈ రివ్యూలో కొంచెం చాదస్తం ఎక్కువే ఉంటుంది, ఓర్చుకోండి.

ఈ దారి తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. ఆత్మకూరు దాటి వెంకటాపురం దగ్గర అడవిలోకి దిగితే నాగలూటి, పెద్దచెరువు, మఠంబావి, భీమునికొలను, కైలాసద్వారం మీదుగా శ్రీశైలం చేరతాం. నలభై కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. ఇదంతా పులుల అభయారణ్యం కాబట్టి ఎప్పుడంటే అప్పుడు పోనివ్వరు. శివరాత్రికి మన తెలుగువాళ్లు కిటకిటలాడతారు. ఉగాదికి మాత్రం ఈ దారి దాదాపు కన్నడవాళ్లదే. బాగల్‌కోట్, బెళగావి, విజయపుర, రాయచూరు జిల్లాల నుంచి రోజుల తరబడి నడిచొస్తారు. భుజాన కావడిలాంటి కంబి మోసేవాళ్లు కొందరు, చెప్పుల్లేకుండా వచ్చేవాళ్లు ఇంకొందరు, కర్రల మీద నిలబడి నడిచేవాళ్లు కూడా ఉంటారు. మూటల్లో ఎండు జొన్న రొట్టెలు, శనక్కాయల పొడి. మా అమ్మవాళ్లది ఆదోని వైపు, ఇంట్లో సగం కన్నడమే. అందుకే చిన్నమ్మా చిన్నాన్నా ఉగాదికే పోదామంటే సరేనన్నాను. శివరాత్రి రద్దీ నాకు పడదు కూడా.

పెద్దచెరువు చేరేసరికి చిన్నమ్మ పిక్కలు పట్టేశాయి. నా ఎడమ మడమ కింద బొబ్బ లేచింది. మార్చి ఎండలో నల్లమల ఎలా ఉంటుందో చెప్పాలా! ఆకు రాలిపోయి నీడ ఉండదు, కింద రాయి సెగ కొడుతుంది. ఒక కుర్రాడు ఎదురొచ్చి, చేతిలో సంచులు లాక్కున్నంత పని చేసి మమ్మల్ని డేరా వైపు తీసుకుపోయాడు. ఆడవాళ్లకు వేరే చోటు ఉంది, మధ్యలో పాత చీరలు కట్టి చాటు చేశారు. ఇది మంచి ఏర్పాటు. చీర మోకాలిదాకా ఎత్తుకుని కూర్చోవాలంటే ఆ చాటు లేకపోతే చాలామంది ఆడవాళ్లు ఎంత నొప్పి ఉన్నా లోపలికి రారు.

అక్కడ మాకు తగిలింది ఒక పెద్దావిడ. అరవై దాటి ఉంటాయి. చిన్న పీట మీద కూర్చుని ఉంది, ముందు రెండు ప్లాస్టిక్ టబ్బులు, పక్కన కట్టెల పొయ్యి మీద గంగాళం. "కుంద్రు తంగీ" అని నన్ను కూర్చోబెట్టి, చిన్నమ్మ వైపు తిరిగి మొదట అడిగిన మాట: "షుగర్ ఐతేన్రీ?"

నేను ఆశ్చర్యపోయాను. డబ్బు తీసుకుని కాళ్లు పట్టే చోట్ల, ఏసీ గదుల్లో సన్నాయి సంగీతం పెట్టి మరీ పట్టే చోట్ల కూడా ఈ ప్రశ్న నాకు ఎదురు కాలేదు. చిన్నమ్మ "లేదు లేదు" అంది. పదేళ్లుగా మాత్రలు మింగుతున్న మనిషి! గుడికి పోతూ రోగం పేరు ఎత్తడం ఆమెకు ఇష్టం ఉండదు. "ఉంది" అన్నాను నేను. పెద్దావిడ చిన్నమ్మను ఏమీ అనకుండా టబ్బులో ఇంకో చెంబు చన్నీళ్లు పోసి, తన మోచెయ్యి ముంచి చూసి, అప్పుడు కాళ్లు పెట్టించింది.

ఇది ఎందుకు ముఖ్యమో చెప్తాను. షుగర్ చాలా ఏళ్లు ఉన్నవాళ్లలో పాదాల నరాలు మొద్దుబారతాయి. నీళ్లు కాలుతున్నా వాళ్లకు తెలియదు. "బాగుంది, ఇంకా పొయ్యి" అంటూనే చర్మం కాల్చుకుంటారు. ఆ పుండు మానదు. చెయ్యి పెట్టి చూడటం కూడా సరిపోదు. పొయ్యి దగ్గర పనిచేసే చేతులు వేడికి అలవాటుపడి ఉంటాయి. మోచేతి చర్మం పల్చగా ఉంటుంది, అది సరిగ్గా చెప్తుంది. పసిబిడ్డలకు నీళ్లు పోసేవాళ్లకు ఇది తెలుసు. ఆవిడ పనీ అదేనట. ఊళ్లో బాలింతలకు, బిడ్డలకు నూనె రాసి నీళ్లు పోస్తుంది. తెలుగు ధారాళంగా మాట్లాడుతుంది, మధ్యలో కన్నడం దొర్లుతుంది.

"షుగర్ అడగమని ఎవరు చెప్పినారు అవ్వా?" అన్నాను.

"ఎవరు చెప్తారు. మా ఇంటాయన." 

ఆయన రాయచూరులో పత్తి మూటలు మోసే హమాలీ. ఒక రాత్రి పని నుంచి వచ్చి కాళ్లు లాగుతున్నాయంటే ఈవిడే నీళ్లు కాచి బకెట్లో పెట్టించింది. తెల్లారి చూస్తే బొబ్బలు. రెండు నెలలకు రెండు వేళ్లు తీసేశారు. ఇదంతా ఆవిడ నా కాలు తుడుస్తూ, ధరలు చెప్పినంత మామూలుగా చెప్పింది. చిన్నమ్మ అప్పటిదాకా పక్కకి చూస్తూ ఉన్నది, మెల్లగా "నాకు రెండు పూటలా మాత్ర" అని తనంతట తానే ఒప్పుకుంది. నేను ఎన్నేళ్లుగానో చెప్తున్న మాట ఇక్కడ ఒక్క నిమిషంలో పనిచేసింది. కొంచెం కుళ్లు పుట్టిన మాట నిజం.

ఇక ఒత్తుడు సంగతి. నూనె ఆముదం, కొబ్బరినూనె కలిపి కాచింది, అందులో కర్పూరం. నొప్పి మీద కర్పూరం చేసేది పెద్దగా ఏమీ లేదు, చర్మానికి చల్లగా అనిపిస్తుంది అంతే. కానీ వాసనకే సగం అలసట పోయిందనిపించింది. పని అంతా చేతుల్లోనే ఉంది. ఆవిడ మడమ దగ్గర మొదలుపెట్టి పైకి, మోకాలి వైపు మాత్రమే తోస్తుంది. కిందికి వచ్చేటప్పుడు చెయ్యి ఊరికే జారుతుంది, బరువు వెయ్యదు. రోజంతా నడిచిన కాళ్లలో రక్తం, నీరు కిందికి దిగి ఉంటాయి. వాటిని గుండె వైపు పంపాలంటే చెయ్యాల్సింది ఇదే. మా కాలేజీలో మొదటి సంవత్సరం చెప్పే పాఠం, చాలామంది రెండో సంవత్సరానికి మర్చిపోయే పాఠం.

చిన్నమ్మకు పిక్క పట్టేసిన చోట ఆవిడ అస్సలు పిసకలేదు. పాదం వేళ్లు పట్టుకుని తన వైపు మెల్లగా వంచి, అలా పట్టుకుని కూర్చుంది. ఎంతసేపంటే చిన్నమ్మ తన మనవరాలి పెళ్లి సంబంధం గురించి మొత్తం చెప్పేంతసేపు. కండ పట్టేసినప్పుడు చెయ్యాల్సింది సాగదీయడమే. దాన్ని గుద్దితే ఇంకా బిగుసుకుంటుంది. పక్క పీట దగ్గర ఒక అమ్మాయి మాత్రం పిక్కలను చపాతీ పిండి పిసికినట్టు పిసుకుతోంది. వాళ్లకు రెండో రోజు నొప్పి గ్యారంటీ. వీలైతే మీరు పెద్దావిడ పీటకే వరసలో నిలబడండి, ఆలస్యమైనా సరే.

ఇంకో మంచి పని కూడా చూశాను. ఒకామెకు ఒక్క కాలే వాచి, పిక్క ఎర్రగా, వేడిగా ఉంది. పెద్దావిడ నూనె చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఇది నేను ముట్టను, డాక్టరుకు చూపియ్యి" అంది. కాలి సిరల్లో రక్తం గడ్డకడితే ఇలాగే ఉంటుంది. అలాంటి కాలు ఒత్తితే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు పోవచ్చు, ప్రాణం మీదికి వస్తుంది. ఆవిడకు ఇంత లెక్క తెలుసో లేదో నేను అడగలేదు. బాలింతల్లో ఇలాంటి కాళ్లు చూసిందట, ఒత్తకూడదని మాత్రం తెలుసట. ఆమెను సామాన్లు తెచ్చిన ట్రాక్టరులో వెనక్కి పంపించారు.

ఇప్పుడు సూది.

డేరా ముందు భాగంలో ఒక కుర్రాడు బొబ్బలు చిదిమే పని పెట్టుకున్నాడు. దారం ఎక్కించిన సూదిని బొబ్బలో ఈ పక్క నుంచి ఆ పక్కకు దూర్చి, దారం అందులోనే వదిలేస్తాడు, నీరు కారిపోవడానికి. పాత పద్ధతే, మా తాత కూడా చేసేవాడు. అయితే అదే సూదిని తువ్వాలుకు తుడిచి ఇంకొకరికి, ఆ తర్వాత మరొకరికి. ఒకరి రక్తం అంటిన సూది ఇంకొకరి చర్మంలో దిగితే హెపటైటిస్ బి లాంటివి పాకుతాయి. దుమ్ముదారిలో లోపల వదిలేసిన దారం చీముకు రాజమార్గం. బొబ్బ చిన్నదైతే ముట్టుకోకుండా పైన ప్లాస్టర్ వేసుకోవడమే మేలు. పెద్దదై నడవనివ్వకపోతే, శుభ్రమైన కొత్త సూదితో అంచున చిన్న రంధ్రం చేసి నీరు పోనివ్వాలి. పైతోలు మాత్రం పీకకూడదు, కింది పచ్చిచర్మానికి అదే కట్టు. షుగర్ ఉన్నవాళ్లు అసలు ఇంట్లో గానీ డేరాలో గానీ ఈ ప్రయోగం చేయించుకోవద్దు.

ఈ మాటే శిబిరం పెద్దమనిషితో చెప్పాను. ఆయన వాదించలేదు, కోపం తెచ్చుకోలేదు. "ఇంతమందికి ఇన్ని సూదులు యాడినుంచి తెచ్చేది అక్కా" అన్నాడు. నా సంచిలో ఉన్న డిస్పోజబుల్ సూదుల ప్యాకెట్, ప్లాస్టర్లు ఇచ్చాను. కుర్రాడు దారం మానేశాడు. కానీ ఆ ప్యాకెట్ ఎంతసేపు వస్తుంది? స్టారు తిరిగి ఇవ్వాలంటే వచ్చే ఏడు వాళ్లే పెట్టె తెచ్చుకోవాలి. చందాల్లో నూనెకు పెట్టే ఖర్చులో ఇది ఏ మూలకూ రాదు.

చిన్న లోటు ఇంకొకటి. చీలమండ మెలిక పడి వాచిన ఒకాయనను కూడా వేడినీళ్ల వరసలోనే నిలబెట్టారు. కొత్తగా తగిలిన దెబ్బకు వేడి పెడితే వాపు పెరుగుతుంది. చల్లటి గుడ్డ, బిగువుగా కట్టు, కాలు ఎత్తుగా పెట్టి పడుకోవడం కావాలి. ఆ అడవిలో ఐసు దొరకదు, నిజమే. కుండ నీళ్లలో తడిపిన తువ్వాలు చాలు.

పెద్దావిడ దగ్గరికి మళ్లీ వస్తాను. నా వంతు అయ్యాక లేవబోతే, ఆవిడే ముందు లేచింది, గుంజ పట్టుకుని. అప్పుడు చూశాను మోకాళ్లు. రెండూ బయటికి వంగి ఉన్నాయి, లోపలి పక్క గుజ్జు అరిగిపోయినవాళ్లకు అలాగే వంగుతాయి. పొద్దున్నుంచి అందరి కాళ్లూ పడుతున్న మనిషి ఆ పీట మీద నుంచి లేవడానికి రెండుసార్లు ఊగాల్సి వచ్చింది.

"మీరు కొండకు ఎప్పుడు పోతారు?" అంటే నవ్వింది. భీమునికొలను దిగలేదట. రెండేళ్లుగా ట్రాక్టరులో గిన్నెలతో పాటు ఇక్కడిదాకా వచ్చి, ఇక్కడినుంచే తిరిగిపోతుందట. దోర్నాల మీదుగా బస్సు ఉంది కదా అన్నాను. "బస్సులో పోతే మల్లయ్య అడగడా, ఏమే, నడిచి రాలేదేమని?" నడుము దగ్గర సంచి విప్పి ఒక పొట్లం తీసింది. గుళేదగుడ్డ ఖణం, మన రైక ముక్క లాంటిదే, ఎరుపు మీద నల్ల అంచు. డజను ఆకుపచ్చ గాజులు, పసుపు, కుంకుమ. ఉత్తర కర్ణాటకవాళ్లకు భ్రమరాంబ ఇంటి ఆడపడుచు, మల్లయ్య అల్లుడు. ఉగాదికి పుట్టింటి నుంచి సారె పోవాలి. "నీవు ఇస్తావా తంగీ?"

ఇస్తానన్నాను. ఆవిడను మళ్లీ కూర్చోబెట్టి, నాకు వచ్చిన పని నేనూ చేశాను. మోకాలి కింద మడిచిన గోనెపట్ట పెట్టించి, దాన్ని కిందికి అదిమి పది లెక్కపెట్టి వదలమన్నాను. తర్వాత ఎత్తు పీట మీద కూర్చుని కాలు ముందుకు చాచి పట్టుకోవడం. రోజూ పొద్దున, సాయంత్రం. తొడ ముందు కండకు బలం వస్తే మోకాలి మీద బరువు తగ్గుతుంది. గుజ్జు తిరిగి రాదని కూడా చెప్పాను, అబద్ధం చెప్పడం ఎందుకు. నేల మీద పీట మానేసి స్టూలు వేసుకోమంటే, "అంత ఎత్తున కూర్చుంటే నీ కాలు నాకు ఎట్ల అందుతుంది" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. కాళ్లు పెట్టేవాళ్లకే ఎత్తు బల్ల వేస్తే సరిపోతుందని రాత్రి పడుకున్నాక తట్టింది. శిబిరంవాళ్లు ఇది చదివితే ఆ బల్ల చేయించండి.

ఇక పనితనం ఎంత నిలిచింది అన్నది చూడాలి కదా. మర్నాడు అసలు పరీక్ష. పెద్దచెరువు దాటాక దారి లోయలోకి దిగి భీమునికొలను దగ్గర మళ్లీ నిలువుగా కైలాసద్వారానికి ఎక్కుతుంది. 14వ శతాబ్దంలో రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి మెట్లు కట్టించాడని చరిత్రలో చదువుకున్నాం. ఎవరు వేసినా, ఇక్కడి రాళ్లు ఒకటి జానెడు, ఇంకొకటి మోకాలెత్తు. అందరూ ఎక్కుడుకు భయపడతారు. కాళ్లను నిజంగా దెబ్బతీసేది దిగుడు. దిగేటప్పుడు తొడ కండలు సాగుతూనే బరువు ఆపాలి, అందుకే మర్నాడు మెట్టు దిగలేక ఏడుస్తాం. కర్ర కింది మెట్టు మీద ముందు ఆనించి, కొంచెం పక్కకు తిరిగి, నొప్పి ఉన్న కాలు ముందు దించండి. ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు. చిన్నమ్మ ఈ పద్ధతిలో దిగింది, పిక్కలు మళ్లీ పట్టలేదు. నా మడమ బొబ్బ మాత్రం కైలాసద్వారం దగ్గర చిట్లింది. అందులో డేరావాళ్ల తప్పేమీ లేదు.

పొట్లం అమ్మవారి గుడిలో ఇచ్చాను. ముందూ వెనకా ఉన్న కన్నడ ఆడవాళ్లందరి చేతుల్లో అలాంటి పొట్లాలే. ఎవరి తరఫున అని అడిగితే ఆవిడ పేరు చెప్పడానికి నాకు తెలియదు. "పెద్దచెరువు దగ్గర కాళ్లొత్తే అవ్వ" అన్నాను. పక్కన ఉన్నామె "ఓ, ఆ అవ్వనా" అని తన కాలు చూపించింది. ఆమె కూడా ఆ పీట మీద కూర్చునే వచ్చింది.

పోయేవాళ్లు ఇవి గుర్తుపెట్టుకోండి. మధ్యాహ్నం ఎండకు అందరూ ఒక్కసారే దిగుతారు, పొద్దుగూకే వేళకు వరస తగ్గుతుంది. సొంత ప్లాస్టర్లు, రెండు జతల కాటన్ సాక్సులు, ఒక చిన్న తువ్వాలు మీ సంచిలో ఉండనివ్వండి. షుగర్ ఉంటే ఎవరూ అడగకపోయినా మీరే చెప్పండి. ప్లాస్టిక్ గ్లాసులు అడవిలో పారెయ్యకండి, శిబిరం దగ్గర డ్రమ్ము ఉంది. మగవాళ్ల డేరా నేను చూడలేదు. చిన్నాన్న చెప్పిందాన్ని బట్టి అక్కడ పహిల్వాన్లలాంటివాళ్లు ఇద్దరు ఉన్నారు, గట్టిగానే రుద్దుతారు, చాలంటే ఆపుతారు. ఆయన మూడు స్టార్లు ఇమ్మన్నాడు.